మారెక్క దప్పిపువ్వు

అనగనగా ఒక ఇసక సీమ. ఎంత అనగా అంటే, ఈ కథ మా అవ్వకు చెప్పిన అవ్వకే అది పాతకాలం. ఊ కొట్టేవాళ్ళు ఊ కొట్టండి, నిద్రొచ్చేవాళ్ళు పడుకోండి. కథకేమీ కోపం రాదు, నాకొస్తుంది.

ఆ సీమకు వాన చుట్టపుచూపుగా వచ్చేది. పిలిస్తే రాదు, వస్తే నిలవదు. ఊరి చుట్టూ ఇసక దిబ్బలు. ఆ దిబ్బల్లో ఒక మొక్క ఉండేది. ఎండాకాలమంతా ఎండుపుల్లల ఉండలా పడి ఉండేది. మేకలు కూడా మూతి పెట్టేవి కావు. నికరమైన వాన ఒక్కటి పడితే మాత్రం, వారం తిరగకుండా పచ్చగా చిగిర్చి పసుపురంగు పువ్వు పూసేది. దాన్ని దప్పిపువ్వు అనేవాళ్ళు.

ఊరివాళ్ళందరూ గొర్రెల కాపర్లు. గడ్డి అయిపోగానే మగవాళ్ళు మందలు తోలుకుని తూర్పున వరిపొలాల దేశానికి పోయేవాళ్ళు. ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ ఊళ్ళో ఉండేవాళ్ళు. మందలు ఎప్పుడు తిరిగి రావాలో చెప్పేది పంచాంగం కాదు, ఆ పువ్వే. దోవన ఎవరు ఎదురైనా కాపర్లు అడిగేది ఒకటే మాట, "మా ఊళ్ళో పువ్వు పూసిందా?" అని. పూసిందంటే మంద ఇంటిముఖం పట్టేది. పూయలేదంటే ఇంకా ముందుకు పోయేది. వెనకటికొకసారి ఎవరో పూయకుండానే పూసిందన్నారట. మందలు వచ్చేశాయి. ఊళ్ళో గడ్డి లేదు, నీళ్ళు లేవు. గొర్రెలు దోవ పొడుగునా పడిపోయాయి, వాటి వెనకే కొందరు మనుషులూ పడిపోయారు. అప్పటినుంచి ఆ ఊళ్ళో ఏ అబద్ధమైనా చెల్లేది గాని, ఆ ఒక్క అబద్ధం చెల్లేది కాదు.

ఆ ఊళ్ళోనే మారెక్క అని ఒకామె. మొగుడు బొజ్జప్ప. పెళ్ళయి ఏళ్ళు గడిచినా ఆమె కాపురం చేసింది ఏటా ఆ వాన నెలలే. మిగతా కాలమంతా ఎదురుచూపే. ఊళ్ళో ఆడవాళ్ళందరి బతుకూ అంతే కదా అంటారేమో. అంతే. కాని కొందరి మనసు ఓర్చుకుంటుంది, కొందరిది ఓర్చుకోదు. మారెక్కది ఓర్చుకోలేదు. పొద్దున లేస్తూనే దిబ్బల దగ్గరికి పోయి చూసేది. మధ్యాహ్నం పోయి చూసేది. పొద్దుగూకేలోపల ఇంకోసారి పోయి చూసేది. అత్త ఈరవ్వ మంచం పట్టాక మాటిమాటికీ ఇల్లు కదలడానికి లేకపోయింది. నేను పువ్వు దగ్గరికి పోలేకపోతే పువ్వే నా దగ్గరుంటుంది అనుకుని, ఒక మొక్కను వేళ్ళతో సహా తవ్వి ఇంటికి తెచ్చుకుంది.

ఇసకలో పుట్టినదాన్ని ఇంట్లో పెంచడం అంత సులువా? మొదటి ఏడు దాన్ని మంచి పెంటమట్టిలో నాటింది. తాను తాగే నీళ్ళలో సగం దానికే పోసింది. వేరు కుళ్ళి చచ్చింది. ఇరుగమ్మా పొరుగమ్మా నవ్వారు. మొగుడి మీది ప్రేమంతా మొక్క మీద ఒలకబోస్తే అది మాత్రం ఏం తట్టుకుంటుంది అన్నారు. రెండో ఏడు ఇంకో మొక్క తెచ్చి, ఎండ తగలకుండా చూరు కింద పెట్టింది. చుక్క చుక్కగా నీళ్ళు పోసింది. అది పాలిపోయి, పొడుగ్గా సాగి, ఒక పక్కకు ఒరిగి ప్రాణం విడిచింది.

మూడో ఏడు కొత్త మొక్కతో గడప దాటుతూంటే, మంచంలో ఉన్న ఈరవ్వ కోడల్ని కేకేసింది.

"ఏమే, పెట్టాలని నీకుంది గాని తినాలని దానికి లేదు. దాని ఇసక దానికియ్యి. దాని ఎండ దానికియ్యి. దాని దప్పి దానికియ్యి."

మారెక్క పగిలిన కుండలో అడుగు సగం తీసుకుని చిల్లులు పొడిచింది. దిబ్బ ఇసకే మోసుకొచ్చి నింపింది. మొక్కను నాటి ఎండ కాసే గోడ మీద పెట్టింది. నీళ్ళు పోయలేదు. కడవ దించినప్పుడల్లా ఒక్క చెంబెడు పోద్దామని చేతులు పీకేవి. అయినా పోయలేదు. ఎండలు ముదిరేసరికి మొక్క ఎండుపుల్లల ఉండైపోయింది. చచ్చిందేమోనని వేలితో ఇసక తొలిచి చూసేది. లోపల వేరు పచ్చిగానే తగిలేది. మళ్ళీ ఇసక కప్పేసేది.

ఆ ఏడు వాన జాడే లేదు. అట్లాంటప్పుడు ఉప్పు అమ్ముకునే గంగప్ప గాడిదలతో తూర్పునుంచి వచ్చాడు. దోవలో మందను చూశానన్నాడు. బొజ్జప్పకు జ్వరం తగిలి లేవలేకుండా ఉన్నాడట. కన్ను తెరిస్తే ఒకటే మాటట, పువ్వు పూసిందా అని. మంద కదిలితే గాడిద మీద వేసి తెస్తారు. పువ్వు పూస్తే గాని మంద కదలదు. ఇంత చెప్పి, తాను కొండపల్లెల్లో ఉప్పు అమ్ముకుని మళ్ళీ ఈ దోవనే తూర్పుకు పోతానన్నాడు.

తానే పోదామంటే మంచంలో అత్త. గొంతు తడిపే దిక్కు ఇంకొకరు లేరు. మారెక్క గోడకు ఆనుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి లేచి, ఊరవతల నుంచి మోసుకొచ్చిన నిండు కడవ ఎత్తింది. జల్లెడ అడ్డం పట్టి ఆ నీళ్ళన్నీ వాన పడ్డట్టే మొక్క మీద కురిపించింది. "వానొచ్చిందనుకో తల్లీ" అంది. మోసమని తెలుసు. తెలిసే చేసింది. ఈరవ్వ మంచంలోనుంచి అంతా చూసింది.

వారం తిరగకుండా గోడ మీద పువ్వు పూసింది. ఒకే ఒక్కటి. బయట దిబ్బల మీద మాత్రం ఎండుపుల్లలు ఎండుపుల్లలుగానే ఉన్నాయి.

గంగప్ప తిరిగొచ్చాడు. గోడ మీద పువ్వు చూసి మొహం విప్పారింది. పువ్వు పూసిందా మారెక్కా, మందలకు చెప్పనా అన్నాడు. మారెక్క నేల చూసింది. చెప్పనా అని మళ్ళీ అడిగాడు. మారెక్క దిబ్బల వైపు చూసింది. ఊ అంటే చాలు, మొగుడు ఇంటికొస్తాడు. ఊ అంటే ఊరి మందలన్నీ వస్తాయి, అందరి మొగుళ్ళూ వస్తారు, ఎండిన నేల మీదికి. మూడోసారి అడిగాడు గంగప్ప.

"అది నేను పోసిన నీళ్ళకు పూసిందన్నా, వానకు కాదు. మందకు పూయలేదని చెప్పు. పెద్దకాపరికీ పూయలేదనే చెప్పు." అంతవరకు చెప్పి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ తీసింది. "జ్వరంతో పడున్న మా మామ చెవిలో మాత్రం పూసిందని చెప్పు. మనింట్లోనే, మన గోడ మీదే పూసిందని చెప్పు."

"నన్ను రెండు నోళ్ళ మనిషిని చేస్తాండావమ్మా."

"రెండూ నిజమే కదన్నా."

గంగప్ప గాడిదల్ని తోలుకుని తూర్పుకు పోయాడు.

వాన ఆలస్యంగా వచ్చింది. వచ్చింది మాత్రం నికరంగా వచ్చింది. దిబ్బలన్నీ పసుపు పరిచినట్టు పూశాయి. మందలు వచ్చాయి. దోవలో ఒక్క గొర్రెపిల్ల కూడా పడిపోలేదు. ఇంటింటా నవ్వులు. మారెక్క ఇంటికి మాత్రం బొజ్జప్ప గొంగడీ కర్రా వచ్చాయి.

గంగప్ప కూడా వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. మారెక్క ఒకటే అడిగింది, విన్నాడా అని.

"విన్నాడు. కళ్ళు తెరిచి నవ్వినాడు. 'అయితే పోదాం పద' అన్నాడు. కర్ర కోసం చెయ్యి చాపినాడమ్మా. ఆ చెయ్యి అట్లే ఉండిపాయె."

మారెక్క ఇంకోసారి చెప్పమంది. చెప్పాడు. ఇంకోసారి చెప్పమంది. ఉప్పు మూటలు మోసి మోసి రాటుదేలిన ఆ మనిషి ఏడుస్తూనే మూడోసారీ చెప్పాడు.

ఆ తరువాత మారెక్క చాలా ఏళ్ళు బతికింది. అత్తను సాగనంపింది. పగిలిన కుండలో మొక్కను కాపాడుకుంటూ, కొత్తగా పెళ్ళయి వచ్చి మొగుళ్ళ కోసం ఏడ్చే పిల్లలకు తలా ఒక పిలక ఇచ్చింది. నీళ్ళు పోయకుండా ఎట్లా ప్రేమించాలో నేర్పింది. ఆమె పోయిన రోజు కూడా వాన లేదు. ఊరి ఆడవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. వాళ్ళలో ఒకామె వంగి ఆమె చెవిలో ఏదో అంది. మారెక్క కర్ర కోసం తడుముకుంది.

ఆ సీమలో కాపర్ల ఆడవాళ్ళు ఇప్పటికీ గోడల మీద పగిలిన కుండల్లో ఆ మొక్కను పెంచుతారట. మనసు ఆగనప్పుడు జల్లెడ పట్టి నీళ్ళు పోసుకుంటారు. పూస్తే తలలో పెట్టుకుంటారు గాని నోరు విప్పరు. మందకు చెప్పకూడని ఆశ ఎవరికైనా ఉంటే "మారెక్క ఇంట్లో పూసింది" అంటారు. ప్రాణం పోతున్న మనిషి చెవిలో మిగతావాళ్ళు దేవుడి పేరు చెబుతారు కదా. వీళ్ళు దగ్గరగా వంగి, పువ్వు పూసింది అని చెబుతారు. విన్నవాళ్ళెవరూ ఇంతవరకు, ఏ ఇంట్లో అని అడగలేదు.