కుంపటి మీద చీనా సింహాసనం

సముద్రపు గాలి తగిలే ఒకానొక రాజ్యంలో, తన నేల మీద పుట్టిందేదీ పనికిరాదని గట్టిగా నమ్మిన రాజొకడు ఉండేవాడు. పేరు మార్తాండ భూపతి. ఆయనకు చీనా పిచ్చి. పెట్టె అంటే చీనా పెట్టె, తెర అంటే చీనా తెర. గొడుగులు పట్టుకున్న ఆడవాళ్లూ, వంపు తిరిగిన వంతెనలూ, మీసాలున్న పాములూ బొమ్మలుగా వేసి ఉంటే చాలు, అది దేనికి పనికొస్తుందని కూడా అడగకుండా కొనేసేవాడు. రేవులో ఉండే ఒక పరంగి వర్తకుడు, ఓడలో వచ్చిన సరుకని చెప్పి అవన్నీ తెచ్చిచ్చేవాడు. డబ్బున్నవాళ్ల పిచ్చికి మందు లేదు కదా, దాన్ని అభిరుచి అంటారు.

ఆ ఏడు వర్తకుడు ఒక సింహాసనం తెచ్చాడు. ఎర్రటి లక్కపూత, దాని మీద బంగారు రంగు బొమ్మలు. "చీనా చక్రవర్తి కూర్చునే రకం. మరిగే నీళ్లు పోసినా ఈ పూత చెక్కుచెదరదు" అన్నాడు. రాజు పొంగిపోయాడు. అంతటి వస్తువుకు తగిన చోటు ఉండాలి కదా. కోట వెనక లక్కవీధి ఉంది. తరతరాలుగా కర్రబొమ్మలకూ పెట్టెలకూ లక్కపూత వేసి బతికేవాళ్ల ఇళ్లు, ఇరవై. అవి పడగొట్టి అక్కడ చీనా మహలు కట్టిస్తానన్నాడు. అమావాస్యలోగా వీధి ఖాళీ చెయ్యాలని దండోరా వేయించాడు.

లక్కవీధి పెద్ద కూర్మయ్య సభకొచ్చి, సింహాసనం వంక చూసి చేతులు జోడించాడు.

"ఏలినవారూ, ఇది మా వీధిలో చేసిందే. వర్తకుడు కాయితం మీద బొమ్మలు గీసిచ్చాడు. చీనా ఎలా ఉంటుందో అతనూ చూళ్లేదు, మేమూ చూళ్లేదు. ఆ మీసాల పాము నా చేత్తో వేసిందే. మా పని మీకింత నచ్చినప్పుడు మమ్మల్నెందుకు పొమ్మంటారు?"

నిజం చెప్పినవాడికి ఏం దక్కాలో అదే దక్కింది. "ఈ మట్టి చేతులా చీనా పని చేసేది" అని రాజు పన్నెండు కొరడా దెబ్బలు కొట్టించాడు. సభంతా గుడ్లప్పగించి చూసింది. చెన్నుభట్టు కూడా చూశాడు. రాజును నవ్వించడం, కాస్త తెలివితేటలు చూపించడం అతని ఉద్యోగం. ఆ రోజు మాత్రం నోరు పెగల్లేదు. అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం లక్కవీధికి వెళ్లాడు. కూర్మయ్య బోర్లా పడుకుని ఉన్నాడు. అతని భార్య వీపుకి వెన్న రాస్తోంది.

"ఏం భట్టుగారూ, మమ్మల్ని కూడా నవ్విద్దామని వచ్చారా?" అంది.

చెన్నుభట్టు తల దించుకున్నాడు. "ఆ సింహాసనం మీదేనని రాజు చేతే ఒప్పిస్తానమ్మా. వీధి పోనివ్వను. కూర్మయ్యా, మీ పూతకీ చీనా పూతకీ తేడా ఏమిటో చెప్పు."

"వాళ్లది చెట్టు పాలట బాబూ. ఆరిందంటే వేడికి లొంగదట. మాది కొమ్మల మీద పురుగు పెట్టే లక్క. వేడి తగిలితే మెత్తబడిపోద్ది, చల్లారితే బిగుసుకుంటది. అంతే."

"అది చాలు" అని లేచాడు చెన్నుభట్టు.

అది పుష్యమాసం. అమావాస్య ముందురోజు సభ నిండుగా ఉంది. రాజు కొత్త సింహాసనం మీద చలికి ముడుచుకుని కూర్చున్నాడు.

"మహారాజా, చీనా చక్రవర్తి ఈ చలి రోజుల్లో సింహాసనం కింద కుంపటి పెట్టించుకుంటాడట. శాలువాలు కప్పుకోవడం చిన్నా చితకా రాజులు చేసే పనట" అన్నాడు చెన్నుభట్టు.

చెప్పిందెవరని రాజు అడగలేదు. చీనా మాట వినపడితే చాలు ఆయనకు. చక్రవర్తికి ఒకటైతే తనకు రెండని, రెండు కుంపట్లు పెట్టించుకున్నాడు. కవులు పొగడ్తలు చదువుతుంటే కింది నుంచి వెచ్చగా హాయిగా ఉండి కునుకు పట్టింది. పట్టుపంచె మెల్లగా పూతలోకి దిగింది. మోచేతుల కింద ఉత్తరీయమూ దిగింది. రాజు నుదుట చెమట పట్టడం చూసి చెన్నుభట్టు, "ఏలినవారికి ఉక్కగా ఉన్నట్టుంది" అని కుంపట్లు తీయించి, కిటికీలన్నీ తెరిపించాడు. చల్లటి సముద్రపు గాలి కొట్టింది. పూత బిగుసుకుంది.

సరిగ్గా అప్పుడే రాజగురువుగారు వచ్చారు. ఆయన వస్తే రాజైనా లేచి నిలబడాలి, అది ఆ కోట ఆచారం. రాజు లేవబోయాడు. సింహాసనం కూడా లేచింది. మళ్లీ ప్రయత్నించాడు, పట్టు చిరుగుతున్న చప్పుడైంది. భటులొచ్చి చెరోపక్కా పట్టి లాగబోతే, "ఆగండ్రా" అన్నాడు రాజు. ఇంకాస్త లాగితే పంచె సింహాసనానికీ, తాను సభకూ మిగిలేట్టున్నాడు.

"ఏమిటయ్యా ఈ మాయ?" అన్నాడు పళ్లు బిగించి.

"మాయేమీ లేదు మహారాజా. మరిగే నీళ్లకు చెదరని చీనా పూత కాసిని బొగ్గులకు కరిగింది. ఇలా కరిగేది మన లక్కవీధి పూతొక్కటే. కూర్మయ్య చెప్పింది నిజం. దీన్నుంచి తమరిని విడదీసే పనీ ఆ వీధివాళ్లకే తెలుసు. వాళ్లు రేపు వెళ్లిపోతున్నారు. పిలిపించమంటారా, లేక ఇలాగే అంతఃపురానికి మోయించమంటారా?"

కూర్మయ్య వచ్చాడు. నిటారుగా నిలబడలేకపోతున్నాడు. నిప్పు దూరంగా చూపించి, పూత మెత్తబడ్డ చోటల్లా మొగలి ఆకు దూర్చి, బట్టను వేలెడు వేలెడు విడదీశాడు. రెండు గడియలు పట్టింది. అంతసేపూ రాజు కదలకుండా ఆ మట్టి చేతుల కింద కూర్చున్నాడు.

లేచి నిలబడి రాజు చుట్టూ చూశాడు. అందరూ పెదాలు కొరుక్కుంటున్నారు. ఇక నవ్వక ఏం చేస్తాడు, నవ్వాడు. సభ పగలబడి నవ్వింది.

"నన్నే కుంపటి మీద కూర్చోబెట్టావు కదయ్యా" అని చెన్నుభట్టుకు శాలువా కప్పాడు. వర్తకుణ్ణి మాత్రం ఏమీ అనలేదు. అంటే సంగతి పొరుగు రాజుల చెవిన పడుతుంది మరి. "కూర్మయ్యా, దండోరా రద్దు చేశాను. మీ వీధి మీదే, ఉండండి" అన్నాడు.

కూర్మయ్య దండం పెట్టాడు. "మా మాట నమ్మడానికి ఏలినవారు ఇలా అంటుకుపోవాల్సొచ్చింది. రేపు మళ్లీ నిజం చెప్పాల్సొస్తే ఏం చెయ్యాలి ప్రభూ? బళ్లు కట్టేశాం. సెలవిప్పించండి."

చెన్నుభట్టు వాకిలి దాకా వెంట పరిగెత్తాడు. "వీధి నిలబెట్టాను కదయ్యా."

"నిలబెట్టారు బాబూ, మీ మేలు మరిచిపోం. ఉండబుద్ధి కావడం లేదు" అన్నాడు కూర్మయ్య.

పొద్దు వాలకముందే ఇరవై బళ్లూ ఏరు దాటాయి.

ఆర్నెల్లు గడిచాయి. రేవు నుంచి ఒక్క పెట్టె రాలేదు, ఒక్క తెర రాలేదు. వర్తకుడు ముఖం చాటేశాడు. రాజుకు ఏమీ తోచలేదు.

"చెన్నుభట్టూ, చీనా సరుకు రావడం మానేసిందేమయ్యా?" అన్నాడు నిండు సభలో.

"చీనాదేశం ఏరు దాటి వెళ్లిపోయింది మహారాజా. మనమే పొమ్మన్నాం."

రాజు పకపకా నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి సభా నవ్వింది. చేతి కంకణం తీసి భట్టు చేతికి తొడిగాడు. చెన్నుభట్టు వంగి దండం పెట్టి బయటికొచ్చాడు. అతని ఇంటికి దగ్గరదారి లక్కవీధి మీదుగానే. ఆ ఖాళీ ఇళ్ల ముందు నుంచి నడవలేక ఊరంతా చుట్టి పోయాడు.