సారు పక్కకి జరగలేదు

హిమజది ఒకటే బెంగ. సోమవారం పరీక్షకులు వస్తున్నారు. ఆమె నాలుగేళ్ల పరిశోధన వాళ్లకి నచ్చితే డాక్టరేటు, నచ్చకపోతే మళ్లీ మొదటికి.

బెంగ పడాల్సిన పనేం లేదని మేమంతా అన్నాం. కర్నూలులో మా ల్యాబు హాలుకి ఈ చివరొక యాంటెనా, ఆ చివరొక యాంటెనా పెట్టి మిల్లీమీటరు తరంగాల మీద ఆమె సమాచారం పంపుతుంటే మాకు కళ్లు తిరిగేవి. గ్లాసుడు మంచినీళ్లు తాగేలోపు సినిమా మొత్తం వచ్చిపడేది. కనపడ్డవాళ్లందరికీ ఆ వేగం ఎంతో చెప్పుకుని మురిసిపోయేది హిమజ.

"సార్, మీరొకసారి చూసి పోతే నాకు ధైర్యంగా ఉంటుంది," అని మా గురువు దస్తగిరి సారుని అడిగింది. ఆయనకి మోకాళ్ల నొప్పులు. అయినా మెట్లెక్కి వచ్చారు.

కొలతలు తీసేటప్పుడు హాలులో ఎవరూ కదలకూడదు. అది మా ల్యాబు ఆనవాయితీ. హిమజ మమ్మల్నందరినీ గోడవారకి తరిమి, కుర్చీలు కూడా తీయించి మీట నొక్కింది. తెర మీద వేగం చూపే గీత సర్రున పైకి లేచింది.

సారు తెర వంక చూడనేలేదు. నింపాదిగా నడుచుకుంటూ వెళ్లి రెండు యాంటెనాల మధ్య నిలబడ్డారు.

గీత కిందికి పడిపోయింది.

"సార్, కొంచెం పక్కకి జరగండి. ఈ తరంగాలు మనిషిని దాటి పోలేవు."

"నేనెందుకు జరగల్లమ్మా? నువ్వీ నెట్‌వర్కు పెట్టేది ఎవురికి?"

హిమజ ముఖం ఎర్రబడింది. పవరు పెంచి చూసింది. గీత ఉలకలేదు, పలకలేదు. ఏం చేయాలో పాలుపోక, యాంటెనాలు రెండింటినీ పక్కగోడకున్న ఇనుప బీరువా వైపు తిప్పింది. తరంగం బీరువాకి తగిలి, సారుని తప్పించుకుని అవతలికి చేరింది. మునుపటంత కాకపోయినా గీత లేచింది.

"వచ్చింది సార్!"

ఇక మెచ్చుకుంటారనుకున్నాం. ఆయన తాపీగా వెళ్లి బీరువాకి ఆనుకుని నిలబడ్డారు. గీత మళ్లీ పడింది.

ఈసారి హిమజ ఆయన్ని జరగమనలేదు. కిటికీ చట్రాల వంక, గోడల వంక, పైకప్పు వంక చాలాసేపు చూసింది. తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని, ఒక దారి మూసుకుపోతే యాంటెనాలే ఇంకో దారి వెతుక్కునేలా ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టింది.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం సారు మెట్లెక్కి వచ్చేవారు. ఎక్కడో ఒకచోట అడ్డంగా నిలబడేవారు, గీత పడినప్పుడల్లా హిమజ ప్రోగ్రాం సరిదిద్దేది. కుర్చీ వేస్తే వద్దనేవారు. అంత పెద్దాయన, శిష్యురాలి చదువు కోసం మోకాళ్లు పట్టేసేదాకా అలా నిలబడుతుంటే నాకు కళ్లు చెమర్చేవి. అలాంటి గురువు దొరకడం మా అదృష్టం.

సోమవారం వచ్చిన పరీక్షకుల్లో పెద్దాయన కళ్లజోడు సవరించుకుని, అందరూ అడిగేదే అడిగారు.

"వేగం ఎంతవరకు వస్తుందమ్మా?"

వారం కిందటైతే ఆయన అడక్కముందే చెప్పేసేది.

"చెప్తాను సార్," అంది హిమజ. "ముందు మీరొచ్చి ఈ యాంటెనాల మధ్యలో నిలబడండి."