నీలిరంగు కింద పలక

అనగా అనగా, గోదారి రెండు పాయలుగా చీలిన చోట ఒక చిన్న లంక. ఆ లంకలో లోవరాజు, అతని భార్య కాసులమ్మ ఉండేవారు. జనాన్ని అవతలి ఒడ్డుకు దాటించే పాత మోటారు పడవే వాళ్ల బతుకుతెరువు.

ఆ పడవకు ఏ మరమ్మతు వచ్చినా లోవరాజే చేసుకునేవాడు. ఇంకొకరిని చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు.

ఒక వేసవిలో పడవను ఒడ్డుకు లాగి, బోర్లించి, పాత రంగు గీకసాగాడు. వెనకవైపు అడుగుపలకలో ఉలి నానిన అటుకుల్లో దిగినట్టు దిగిపోయింది. పలక మార్చాలంటే పడవ సగం విప్పాలి. అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. గబగబా లప్పం పట్టించి, పైన నీలిరంగు పూసేశాడు. ఆపైన, ఇంకా వేగంగా దాటించాలని, ఉన్న ఇంజను తీసేసి అంతకంటే పెద్దది బిగించాడు.

"కొత్త పెళ్లికూతురిలా ఉందయ్యా నీ పడవ!" అన్నారు రేవులో అందరూ. లోవరాజు నవ్వాడు. నవ్వాడే గాని, లోపల ఒకటే దడ.

మొదట అడుగున చెంబెడు నీళ్లు కనిపించాయి. "అల చిమ్మిందిలే" అనుకున్నాడు. కొన్నాళ్లకు ఇంజను వేగం పెంచగానే వెనక చెక్క కిర్రుమంది. అక్కడో మేకు కొట్టాడు. మూడోసారి, తెల్లారకుండానే నీళ్లు తోడుతూ కాసులమ్మ కంటపడ్డాడు.

"మావా, ఏం దాస్తున్నావు?"

"ఏమీ లేదు, ఇంటికి పో!" అని కసిరాడు. ఆనాటి నుంచి జనం పడవ ఎక్కుతుంటే వాళ్ల ముఖాలు చూడలేక, వాళ్ల కాళ్ల కిందికే చూసేవాడు.

శ్రావణమాసం వచ్చింది. గోదారి ఎర్రబడి పోటెత్తింది. ఒక మధ్యాహ్నం అదే లంకలో ఉండే అప్పయమ్మ రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది. ఆమె కూతురు నూకరత్నానికి పురిటి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది.

"నాయనా లోవరాజూ! లంకలో ఇంజను ఉన్న పడవ నీదొక్కటే. నా బిడ్డను ఆసుపత్రికి చేర్చు!"

రత్నాన్ని మంచంతో సహా రేవుకు మోసుకొచ్చారు. తెడ్ల పడవ నడిపే ఏసుపాదం కూడా ఒక చెయ్యి వేశాడు. లోవరాజు రత్నాన్ని చూశాడు, తన పడవను చూశాడు. చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే ప్రాణాలు పోతాయి.

"ఆగండి!" అని అరిచాడు. "ఈ పడవ అడుగు పుచ్చిపోయింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే రంగేసి దాచాను."

ఒకడు చెయ్యెత్తి మీదికొచ్చాడు. కాసులమ్మ అడ్డం నిలబడింది. "తిట్టినా కొట్టినా తర్వాత. మావా, ఇప్పుడు దాటే దారి చెప్పు."

"ఏసుపాదం తెడ్ల పడవ గట్టిది. వరదకు ఎదురెళ్లే సత్తువ దానికి లేదు, అంతే. రత్నాన్ని అందులో పడుకోబెట్టండి. నా పడవతో మోకు కట్టి లాగుతాను. నాది మునిగేలా ఉంటే, ఏసుపాదమన్నా, మోకు కోసెయ్. నేనొక్కణ్ణే పోతాను."

"ఒక్కడివెలా పోతావు? నీళ్లెవరు తోడతారు?" అంటూ కాసులమ్మ బకెట్టు పట్టుకుని ఎక్కింది.

నడి గోదారిలో అడుగుపలక ఫటేల్మంది. నీళ్లు మోకాళ్లకొచ్చాయి. కాసులమ్మ తోడుతూనే ఉంది. వెనక పడవలో అప్పయమ్మ ఒళ్లో రత్నం మూలుగుతోంది. ఏసుపాదం కత్తి తీశాడు.

"కొయ్యన్నా!" అని అరిచాడు లోవరాజు.

"ఇంకాస్త లాగరా! ఒడ్డు కనబడుతోంది!" అని ఏసుపాదం కత్తి పక్కన పడేసి తెడ్డు అందుకున్నాడు.

తెడ్ల పడవ ఒడ్డు తాకింది. ఏసుపాదం, ఒడ్డున ఉన్నవాళ్లు రత్నాన్ని ఎత్తుకుని ఆసుపత్రికి పరుగులు తీశారు. లోవరాజు పడవ మాత్రం నడుము లోతు నీళ్లలో కూలబడింది. అతనూ కాసులమ్మా తడిసి ముద్దయి, ఒకరి చెయ్యి ఒకరు వదలకుండా నిలబడ్డారు.

పొద్దువాలేలోగా అప్పయమ్మ తిరిగొచ్చింది. "ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం," అంది. "నీ మీద కోపం చల్లారలేదు లోవరాజూ. అయినా నువ్వు నోరు విప్పావు గనకే నా బిడ్డ దక్కింది" అంది.

వరద తీశాక లోవరాజు పడవను పైకి లాగి, రేవులో అందరి ఎదుటా విప్పి, పుచ్చిన పలకలన్నీ మార్చాడు.

చిల్లిని దాచినవాడు నలుగురినీ ముంచుతాడు. చెప్పినవాడు నలుగురితో పాటు గట్టెక్కుతాడు.