బంటయ్య గుహలో మగ్గిన సంపెంగ టీ

అన్యాయం జరిగింది పునుగుపిల్లి జవ్వాజికి. జరిగింది కార్తీక శుద్ధ విదియ నాడు, పొద్దున్నే, అందరి ముందు. ఈ సంగతి మొదటే చెప్పేస్తున్నాను. కథలు చెప్పేవాళ్లకు ఒక పాడు అలవాటుంది. దెబ్బ కొట్టినవాడి పేరుతో కథ మొదలుపెట్టి, దెబ్బ తిన్నవాళ్ల పేరు మధ్యలో ఎక్కడో పారేస్తారు. నేనలా చెయ్యను. ఇక వినండి పిల్లలూ.

అనగనగా పేరు లేని ఒక కొండ. ఆ కొండ మీద అడవి. ఎప్పుడో ఎవరో మనుషులు వచ్చి అక్కడ టీ మొక్కలు నాటారు, ఎందుకో వదిలేసి పోయారు. కత్తిరించేవాళ్లు లేక ఆ మొక్కలు చెట్లయిపోయాయి. చెట్ల కింద, రాళ్ల మధ్య ఒక ఉడుకు బుగ్గ ఉంది. నేలలోంచి పొగలు కక్కుతూ వేడినీళ్లు ఉబికి వస్తాయి. జంతువులకు పొయ్యి ఎవరు వెలిగించారని అడగబోయారు కదూ? అదిగో, ఆ పొయ్యి భూమే వెలిగించి పెట్టింది.

ఒకసారి గాలికి ఎండు టీ ఆకులు బుగ్గలో రాలాయి. నీళ్లు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపేమిటా అని నాలుగు జంతువులు నాలుగు దిక్కుల నుంచి వచ్చి మూతి పెట్టి చూశాయి. అంతే, ఇక ఆ నలుగురికీ పొద్దున లేస్తే బుగ్గే లోకమైపోయింది.

వాళ్లెవరో చెబుతాను. ఎలుగుబంటి బంటయ్య అందరిలో పెద్దవాడు. పెద్దవాడంటే ఇక్కడ లావుపాటివాడని అర్థం. మన ఊళ్లలోనూ చాలాసార్లు అంతే. ముళ్లపంది సూదమ్మ ఏ సంగతినీ ఊరికే పోనివ్వదు, అడుగుదాకా తవ్వి చూడాల్సిందే. కొండముచ్చు కొమ్మన్నకు ఇల్లూ వాకిలీ లేవు, కొమ్మ మీదే కాపురం. నాలుగోది జవ్వాజి.

పునుగుపిల్లి ఒంటికి ఒక వాసన ఉంటుంది. మరీ దగ్గరగా పీలిస్తే ఘాటు. గాలిలో పలచబడితే పరిమళం. అడవిలో మిగతావాళ్లు దగ్గరకొచ్చి పీల్చి, ముక్కు మూసుకుని, ఒక మాట అని పోయేవాళ్లు. పుట్టిన దగ్గర నుంచి జవ్వాజిని ‘రా, కూర్చో’ అన్నది ఈ బుగ్గ దగ్గరే. అదైనా అందరితో కాదు, గాలికి దిగువన, విడిగా ఉన్న రాయి మీద. ఆ రాయైనా దొరికింది కదా అనుకుంది జవ్వాజి. బుగ్గ లేకపోతే ఆమెకు మాట్లాడే దిక్కే లేదు.

ఈ నలుగురూ టీ తాగే పద్ధతి చూడాలి మీరు. సొరబుర్ర చిప్పలో ఆకు వేసి, బుగ్గ నీళ్లు పోసి, మూత పెట్టి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటారు. రంగు దిగాక చిప్ప చేతులు మారుతుంది. సుర్రుమని చప్పుడు చేస్తూ జుర్రాలి. చప్పుడు లేకుండా తాగితే ఆకును అవమానించినట్టే. తాగాక ‘బాగుంది’ అనకూడదు. ఆ మాట అక్కడ నిషేధం. ఏం గుర్తొచ్చిందో చెప్పాలి. ఇక ఆకు తెచ్చినవాళ్లు అందరి కంటే చివర తాగాలి, ముందు నలుగురి మాట వినాలి కదా మరి.

టీ ఆకు సంగతి ఒకటుంది. అది వట్టి ఆకు కాదు, ముక్కు. పక్కన ఏది పెడితే దాని వాసన పీల్చేసుకుంటుంది. ఈ గుట్టు తెలిశాక నలుగురికీ పిచ్చి పట్టింది. సూదమ్మ అల్లమూ నిమ్మగడ్డీ దంచి ఆకుల్లో పొదిగింది. కొమ్మన్న నారింజ తొక్కలు ఎండబెట్టి కలిపాడు. బంటయ్య ఇప్పపూలు తెచ్చాడు, ఆ రోజు అందరూ కాస్త ఎక్కువే నవ్వారు. ఎవరు ఏ కొత్త రుచి కనిపెట్టినా మిగిలిన ఆకును బుగ్గ పైనున్న రాతి అరలో పెట్టాలి. గాలి తగిలే చోటు. ఎవరికి కావాలంటే వాళ్లు చిటికెడు తీసుకోవచ్చు. అది అందరి అర.

భాద్రపదంలో, చివరి సంపెంగలు పూసినప్పుడు, జవ్వాజి ఒక వెదురు గొట్టం తెచ్చింది. గొట్టంలో ఒక వరస ఆకు, ఒక వరస పువ్వు పేర్చిందట. వాడిన పువ్వులు తీసేసి మళ్లీ కొత్తవి పేర్చిందట. మళ్లీ తీసి మళ్లీ పేర్చిందట. చివరికి పువ్వన్నది లేకుండా ఏరేసి ఒట్టి ఆకు తెచ్చింది.

జుర్రారు.

కొమ్మన్న కళ్లు మూసుకుని, చెట్టు చిటారున వాన వెలిసిన పూట కూర్చున్నట్టుందన్నాడు. సూదమ్మ వాళ్లమ్మ తవ్విన మొదటి గుంటలోకి తొంగి చూసినట్టుందంది. బంటయ్య మాత్రం చిప్ప అడుగు నాకాడు. మళ్లీ నాకాడు. తన వంతు వచ్చేసరికి జవ్వాజికి మిగిలింది ఒక్క గుక్క. అయినా ఆమె దూరపు రాయి మీద కూర్చుని ముగ్గురి మొహాలూ చూసి, ఆ గుక్క కూడా తాగడం మరిచిపోయింది.

మిగిలిన ఆకును మంచు దిగే కార్తీకందాకా మగ్గనిద్దామనీ, అప్పుడు కలిసి తాగుదామనీ అనుకున్నారు. అరలో పెట్టి వస్తానని బంటయ్య గొట్టం అందుకున్నాడు.

దారి రెండుగా చీలే చోట బంటయ్య ఆగాడు. ఎడమకు పోతే అర. కుడికి పోతే తన గుహ. అరలో పెడితే కొమ్మన్న చిటికెడు తీస్తాడు, సూదమ్మ చిటికెడు తీస్తుంది. చిటికెడూ చిటికెడూ పోతే తనకేం మిగులుతుంది? తనంత ఒళ్లున్నవాడికి తనంత వాటా ఉండొద్దా? ఇలా లెక్క వేసుకుని కుడికి తిరిగాడు. దొంగతనం అనే మాట ఆయనకు గుర్తు రాలేదు. భద్రంగా దాస్తున్నాను అనుకున్నాడు. పెద్దవాళ్లకు ఇలాంటి మాటలు సమయానికి భలే దొరుకుతాయి.

గుహలో గొట్టాన్ని తన పక్క కింద దోపాడు. ఆ పక్క ఎలాంటిదనుకున్నారు? తడిసిన బొచ్చు రాలి రాలి అట్ట కట్టింది. పాత తేనెపట్టు పిప్పి పులిసింది. తిని పారేసిన చేప ముళ్లు మూలన ఉన్నాయి. బంటయ్య రోజూ మూత తీసి ముక్కు పెట్టి, ఆహా అనుకుని, మళ్లీ వదులుగానే మూసేవాడు. ఆకు తన పని తాను చేసింది. పక్కనున్నదాన్ని పీల్చుకుంది.

కార్తీక శుద్ధ విదియ వచ్చింది. మంచు దిగింది. బంటయ్య గొట్టం తెచ్చి, అరలోంచి తీసుకొస్తున్నానన్నాడు. ఆకు నీళ్లలో పడింది. ఆవిరి లేచింది.

కొమ్మన్న జుర్రి ఉమ్మేశాడు. సూదమ్మ ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. బంటయ్య తాగి, మంచుగాలికి శుభ్రపడ్డ ముక్కుతో ఒకసారి పీల్చి మొహం చిట్లించాడు. అది తన ఇంటి కంపని ఆయనకు నిజంగానే తెలీదు. తన ఇంటి వాసన ఎవరి ముక్కుకు తెలుస్తుంది గనక? కానీ గొట్టం అరలో లేదని మాత్రం తెలుసు. అది దాచి, వేలు జవ్వాజి వైపు చూపించాడు.

"తోక కింద వాసన తిత్తి పెట్టుకుని తిరిగేదాని చేత ఆకు ముట్టించడమే మన తప్పు. ఇంకెప్పుడూ బుగ్గ దగ్గరికి రాకు," అన్నాడు.

జవ్వాజి దూరపు రాయి మీంచి లేచింది.

"నా వాసన నాకు తెలుసు మామా," అంది. "పుట్టిన దగ్గర నుంచి అందరూ చెబుతూనే ఉన్నారు. ఇది అది కాదు."

కొమ్మన్న తల వంచుకున్నాడు. గొట్టం గుహలోకి వెళ్లడం చెట్టు మీంచి చూసినవాడే. అయితే బంటయ్య అప్పుడప్పుడూ విసిరే తేనెపట్టు ముక్కలు కూడా చూసినవాడు. అందుకని బంటయ్య మాటకే అవునవునన్నాడు. సూదమ్మ ఏమీ అనలేదు. అలా నోరు మూసుకున్నవాళ్లను నెమ్మదస్తులంటారు కొందరు. నేనైతే అనను. జవ్వాజి పొదలు దాటి కనుమరుగయ్యేదాకా సూదమ్మ నోట మాట రాలేదు, అది సూదమ్మ తప్పే.

కానీ సూదమ్మ ముక్కు ఊరుకోలేదు. ఇంటికి పోతే ముక్కులో అదే వాసన. ఏమిటది? పునుగు కాదు. పునుగుకు కాస్త తీపి ఉంటుంది. మరి ఈ పులుపెక్కడిది? ఆ నీచెక్కడిది? గాలి తగిలే అరలో ఇన్నాళ్లున్న ఆకుకు ఇంత కంపెలా పడుతుంది? తెలుసుకోకపోతే తిండి సహించేలా లేదు.

ఏ వాసనా లేని కొత్త ఆకు ఎండబెట్టి మూడు సొరబుర్రల్లో పోసింది. ఒకటి తన బొరియలో పెట్టుకుంది.

రెండోది పట్టుకుని జవ్వాజి చెట్టుతొర్రకు వెళ్లి, కొన్నాళ్లు ఇంట్లో ఉంచమని అడిగింది. జవ్వాజి మొహం తిప్పుకుంది.

"నా మీద పడ్డ నేరం రుజువు చెయ్యడానికి నా ఇల్లే కావలసొచ్చిందా అత్తా?"

"నేరం సంగతి నాకు తెలీదమ్మా. ఆ వాసనేమిటో తెలుసుకోవాలని ఉంది, అంతే."

"ఈ మాట ఆ రోజు బుగ్గ దగ్గర అనుంటే సరిపోయేది," అంది జవ్వాజి. అయినా బుర్ర తీసుకుంది. ఎందుకంటే ఆ వాసనేమిటో తెలుసుకోవాలని ఆమెకూ ఉంది.

మూడోది బంటయ్య దగ్గరికి తీసుకెళ్లి, ఎవరి ఇంటి వాసన ఆకుకు ఎలా పడుతుందో చూస్తున్నానని ఉన్నమాటే చెప్పింది. బంటయ్య ఉబ్బిపోయాడు. తన గుహలో పెట్టిన ఆకు తేనెలా ఘుమఘుమలాడుతుందనీ, తాగాక ఇంకే రుచీ ఎవరికీ ఆనదనీ చెప్పి బుర్రను పక్క కిందే దోపాడు.

నవమి నాడు సూదమ్మ అందరినీ పిలిచింది. జవ్వాజినీ పిలిచింది. బంటయ్య గొణిగితే, తెచ్చిన ఆకులో ఆమెదీ ఉంది కాబట్టి పద్ధతి ప్రకారం రావాలని చెప్పింది. జవ్వాజి వచ్చి అదే రాయి మీద కూర్చుంది. ఏ చిప్ప ఎవరిదో సూదమ్మకు తప్ప ఎవరికీ తెలీదు.

మొదటి చిప్ప తిరిగింది. దుంపలూ వేళ్లూ, తడిమన్నూ. కొమ్మన్న నవ్వి, ముళ్లు గుచ్చుకోకుండా సూదమ్మత్త ఇంటికి పోయొచ్చినట్టుందన్నాడు. అది నిజమే, సూదమ్మ బొరియే.

రెండో చిప్ప తిరిగింది. మెత్తని తీపి, వెనక నుంచి వెచ్చగా ఒక పరిమళం, గొంతు దిగాక కూడా పోని పరిమళం. కొమ్మన్న చిప్ప వదల్లేదు. చలికాలం పొద్దున అమ్మ పొట్టను కరుచుకుని కొమ్మ నుంచి కొమ్మకు దూకినట్టుందన్నాడు. బంటయ్య లాక్కుని జుర్రి, నిషేధం సంగతి కూడా మరిచిపోయాడు.

"బాగుంది. చెప్పానా, ఇది నాదే."

సూదమ్మ మూడో చిప్ప అందించింది.

బంటయ్య మూతి పెట్టి వెంటనే ఉమ్మేశాడు. తడిబొచ్చు, పులిసిన పిప్పి, చేప ముళ్లు.

"మళ్లీ అదే కంపు. ఇది జవ్వాజి ఇల్లు కాకపోతే నా పేరు మార్చుకుంటాను."

"జవ్వాజి ఇల్లు ఇందాక నువ్వు బాగుందన్నది మామా," అంది సూదమ్మ. "ఇది నీ గుహ."

అప్పుడు కొమ్మన్న తోక చేతిలో నలుపుకుంటూ, వెదురు గొట్టం అరకు వెళ్లలేదనీ, గుహకు వెళ్లడం తను చూశాననీ చెప్పాడు. ఆలస్యంగా చెప్పిన నిజం నిజమే గానీ, జవ్వాజి ఒంటరిగా గడిపిన ఆ పొద్దుల్ని అది వెనక్కి తేలేదు.

బంటయ్య నేల చూస్తూ, ఇంతకాలం తన కంపు గురించి ఒక్కరూ తనతో ఎందుకు అనలేదని అడిగాడు.

"నీకు చెబితే మాకు చోటుండదని భయం. నాకు చెబితే ఎవరికీ ఏ నష్టమూ లేదు," అంది జవ్వాజి. "అందుకే అందరూ నాకే చెప్పారు."

సూదమ్మ మూడో చిప్పను బంటయ్య చేతిలో పెట్టింది. ఎవరి ఇంటి ఆకు వాళ్లు చివర తాగాలి, ఏం గుర్తొచ్చిందో చెప్పాలి. పద్ధతి పద్ధతే. అంత పెద్ద ఎలుగుబంటీ సుర్రుమని చప్పుడు చేస్తూ తాగాడు. మింగాడు.

"మా ఇల్లే," అన్నాడు. "నేను కుడికి తిరగడం గుర్తొస్తోంది."

ఆ మాటతో అన్నీ చక్కబడిపోయాయని చెప్పను. సంపెంగ టీ ఇంకో పూట తాగాలని అందరికీ ఉంది. పువ్వులయిపోయాయి, మళ్లీ పూసేదాకా లేదంది జవ్వాజి. ఆ ఏడాదికి ఆ రుచి పోయినట్టే. పోగొట్టింది ఒకడు, పోగొట్టుకున్నది నలుగురూ. తన తొర్రలో మగ్గిన ఆకు కావాలంటే తెస్తానంది గానీ ఒక షరతు పెట్టింది: అది జవ్వాజి ఇంటి వాసనని పైకి చెప్పి మరీ తాగాలి.

బంటయ్య లేచి వెళ్లి గాలికి దిగువన ఉన్న రాయి మీద, ఎవరూ చెప్పకుండానే, కూర్చున్నాడు. జవ్వాజి ఎగువకు వచ్చి సూదమ్మకూ కొమ్మన్నకూ మధ్య కూర్చుంది. సూదమ్మ తన ముల్లు ఒకటి పీకి, అందరి అర మీద, రేపు వచ్చేవాళ్లకు కూడా కనబడేలా గీసింది: "జవ్వాజికి అన్యాయం జరిగింది, కార్తీక శుద్ధ విదియ. ఒప్పుకున్నది, కార్తీక శుద్ధ నవమి."

నీతి: నలుగురిదీ ఒక్కడే దాచుకుంటే దానికి ఆ ఒక్కడి కంపే పడుతుంది. ఆ కంపు ఎదుటివాళ్లదని వేలు చూపించే ముందు మన ఇల్లు మనం వాసన చూసుకోవాలి.