ఎర్రవంక ఇసుకలో వెలసిన తీతువమ్మ

తీతువమ్మకు గుడి లేదు. బస్సు దిగి కంచె వెంట అరమైలు నడిస్తే ఎర్రవంక అనే వాగు కనిపిస్తుంది. వంక నడుమ చాపంత ఇసుకతిన్నె, దాని మీద దోసెడంత గుంట, గుంటలో నాలుగు రాళ్ళు. బూడిదరంగు మీద నల్లని చుక్కలు. అవే అమ్మవారు. పైన కప్పు లేదు, చుట్టూ గోడ లేదు. వంక వచ్చిన రోజుల్లో అమ్మ నీళ్ళ కింద ఉంటుంది, భక్తులు గట్టు మీద నుంచే మొక్కి వెళతారు. నీళ్ళు తీశాక చూస్తే రాళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి.

పూర్వం ఇక్కడ ముప్పై గడపల పల్లె ఉండేది. అందరివీ వానను నమ్ముకున్న మెట్టచేలే. ఎవరి విత్తనం వారి ఇంట ఉంటే కరువులో వండుకు తినేస్తారని, ఊరి విత్తనమంతా ఒకే ఇంట దాచే కట్టుబాటు ఉండేది. ఆ ఇల్లు ఓబులక్కది. భర్త పోయాక కొడుకును, కోడలిని పెట్టుకుని ఇల్లు నడిపిన మనిషి. కడుగునీళ్ళు కూరపాదుకు, ఊక పొయ్యిలోకి, పొయ్యిలో బూడిద విత్తనాల్లోకి. ఆమె ఇంట ఏదీ ఊరికే పోయేది కాదు. కొర్రల్లో బూడిద, ఎండిన వేపాకు కలిపి, మట్టి కాగుకు ఎత్తి, మూతకు పేడమట్టి మెత్తి, ఏడాదంతా దాని పక్కనే పడుకునేది.

ఏడాది పొడవునా ఆమె కన్ను నేల మీదా, చెట్టు మీదా ఉండేది. మాఘంలో మోదుగ ఎంత విరగబూసింది, చైత్రంలో వేపపూత ఎన్నాళ్ళు నిలిచింది, చీమలు గుడ్లు మోసుకుని ఏ వైపు పోతున్నాయి, అన్నీ కనిపెట్టేది. అది అత్తగారు నేర్పిన చూపు. అన్నిటికన్నా తీతువు పిట్టను చూసుకోమని ఆ పెద్దామె చెప్పిపోయింది. తీతువు గూడు కట్టదు. నేల మీదే చిన్న గుంట చేసి నాలుగు గుడ్లు పెడుతుంది. గట్టు మీద పెడితే ఆ ఏడు వంక తొందరగా వస్తుంది. వంకలోనే పెట్టిందంటే పిల్లలు లేచి నడిచేదాకా అసలు వాన లేదని లెక్క.

ఒకసారి వరసగా రెండేళ్ళు పంట పోయింది. కాగులో మిగిలింది ఒక్క విత్తుకు సరిపడా కొర్రలు. ఊరంతా చింతగింజల పిండితో అంబలి కాచుకుంటున్నది. ఓబులక్క కోడలు కదిరమ్మకు ఏడో నెల. ఆమె గిన్నెలోనూ అదే అంబలి.

మూడో ఏడు రోహిణి కార్తెలో రెండో రోజునే వాన పడింది. నేల జానెడు లోతు తడిసింది. అందరూ విత్తే గొర్రులు బయటికి తీసి, ఎద్దులను కడిగి, ఓబులక్క వాకిట్లోకి వచ్చారు. ముందు నడిచినవాడు ఊరి పెద్దకాపు బయపరెడ్డి.

"వదినా, కాగు మూత తీయి. నేల పదును ఆరిపోతుంది."

"ఆగు మరిదీ. తీతువు వంక నడుమ గుడ్లు పెట్టింది. మొన్న నా కళ్ళతో చూశాను."

"అది అరిస్తేనే కీడని గడప దిగం మనం. ఆ పిట్ట మాట విని ఊరిని పస్తులు పెడతావా?"

"ఆమెకు పస్తులొక లెక్కా! గాలిని కూడా మూటగట్టి దాచే మనిషి," అని వెనక నుంచి ఎవరో ఆడమనిషి అన్నది. ఆకలి కడుపులతోనే కొందరు నవ్వారు.

కదిరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఇచ్చేయి అత్తా. విత్తితే, పంట నాటికైనా మన ఇంట్లో గింజ కళ్ళబడుతుంది."

ఆ మాట మాత్రం ఓబులక్కకు గుచ్చుకున్నది. అయినా అందరూ వినేటట్టు అన్నది: "ఆ గుడ్లు వంకలోనే ఉన్నాయి. వంక వచ్చి వాటిని తీసుకుపోతే నా చూపు తప్పు. ఆ క్షణమే నా చేత్తో మూత పగలగొడతాను. పోకపోతే పిల్లలు నడిచేదాకా ఆగండి."

బయపరెడ్డి వాకిలి మట్టి చిటికెడు తీసి వేళ్ళతో నలిపి చూశాడు. "సరే. కానీ ఆ గుడ్ల మీద నువ్వు చెయ్యి వేసినట్టు తెలిసిందా, ఈ ఊళ్ళో నీకు నిప్పు పుట్టదు," అన్నాడు.

నాటి నుంచి రోజుకింత చొప్పున పదును ఆరిపోతూ వచ్చింది. నీళ్ళు తోడుకునే చోట ఓబులక్కను చూసి ఆడవాళ్ళు కుండలు తిప్పుకునిపోయేవారు. కలలోనైనా కనిపించి ఒక్క మాట చెప్పు తల్లీ అని ఆమె మొక్కుకుని పడుకునేది. ఏ దేవతా కలలోకి రాలేదు. తెల్లవారితే వంకకు వెళ్ళేది. తీతువు గుడ్ల మీద కూర్చుని ఉండేది. అంతే.

పన్నెండో రోజు మిట్టమధ్యాహ్నం ఎగువ కొండల మీద మబ్బు నల్లగా దిగింది. ఓబులక్క పరుగున వెళ్ళింది. వెనకే కదిరమ్మ, కడుపు పట్టుకుని. మలుపు దగ్గర ఎర్రనీళ్ళు, నురుగు, ఎండుపుల్లలను ముందుకు తోసుకుంటూ వస్తున్నాయి. తీతువు గుడ్ల మీద నుంచి లేచి, రెక్కలు చాపి, నీళ్ళకు ఎదురుగా నిలబడి అరుస్తున్నది.

అప్పటిదాకా గింజ కోసం అత్తను ప్రాధేయపడిన కదిరమ్మ, ఆ పిట్టను చూసి గట్టు మీదే కూలబడింది. "అత్తా! రెండు దోసిళ్ళ ఇసుక అడ్డం వెయ్యి! ఎవరూ రాలేదింకా, వెయ్యత్తా!"

ఓబులక్క తిన్నె మీద నిలబడి ఉన్నది. ఇసుక కాళ్ళ దగ్గరే ఉన్నది. వంగితే చాలు. ఆమె కుడిచెయ్యి దానంతటదే కిందికి కదిలింది. ఎడమచేత్తో ఆ మణికట్టును పట్టుకుని, రెండు చేతులూ వీపు వెనక్కి లాక్కున్నది.

"నేను వేస్తే అది నా మాట అవుతుందే కదిరీ. అమ్మ మాట కాదు."

నీళ్ళు తిన్నెను రెండు పాయలుగా చుట్టాయి. ఆమె మడమలు తడిశాయి. పిట్ట కాళ్ళు తడిశాయి. ఇంకొక నాలుగు వేళ్ళు ఎక్కితే గుంట నిండుతుంది. బయపరెడ్డి, ఊరివారూ గట్టెక్కారు. ఆమె కళ్ళు మూసుకోలేదు, కదలలేదు. నురుగు గుంట అంచును తాకింది. అక్కడే బుడబుడమని ఇసుకలోకి ఇంకసాగింది. చూస్తుండగానే వెనక్కి తగ్గిపోయింది. తీతువు రెక్కలు ముడుచుకుని, గుడ్లను కాలితో సర్దుకుని, మళ్ళీ కూర్చున్నది.

బయపరెడ్డి తిన్నె దాకా దిగి చూశాడు. తడి ఇసుక మీద ఓబులక్క అడుగులున్నాయి. చేతి గుర్తు ఒక్కటీ లేదు. ఆమె పక్కన, ఆమెలాగే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

ఆ తరువాత రెండు వారాలకు పైగా చినుకు లేదు. పక్క ఊళ్ళో రోహిణి పదునుకు విత్తిన చేలు వేలెడు మొలిచి మాడిపోయాయి. ఆరుద్ర కార్తె ప్రవేశించిన రోజున గుడ్లు పగిలి, నాలుగు పిల్లలు తల్లి వెంట గట్టెక్కి మెట్టకు నడిచాయి. మూడో రోజున వంక రెండు గట్లూ ఒరుసుకుని వచ్చింది. ఓబులక్క కాగు మూత తీసింది. ఆ ఏడు పండిన పంటలో నుంచి పక్క ఊరికి కూడా విత్తనం వెళ్ళింది. కదిరమ్మకు ఆడపిల్ల పుట్టింది. వరద తీశాక వెళ్ళి చూస్తే, గుంట చెదరలేదు. గుడ్లున్న చోట నాలుగు చుక్కల రాళ్ళున్నాయి.

నేటికీ ఓబులక్క ఇంటి కోడళ్ళే అమ్మ సేవ చేస్తారు. పసుపు పూయరు, అభిషేకం చేయరు, రాళ్ళను ముట్టరు. భక్తులు ఇక్కడ చేతులు జోడించరు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, వీపు వెనక ఉంచుకుని మొక్కుతారు. విత్తడానికి వెళ్ళే రైతులు, నెలలు నిండిన ఆడపడుచులు ఎక్కువగా వస్తారు. నిబ్బరంగా నిలబడినవారి చేనునూ కడుపునూ అమ్మ చల్లగా చూస్తుందని నమ్మకం. కొత్తవారు అలవాటు కొద్దీ రాళ్ళను తాకి కళ్ళకద్దుకోవాలని వంగుతారు. అప్పుడు గట్టు మీద నుంచి ఎవరో ఒక ముసలామె మెల్లగా అంటుంది: "చేతులు వెనక్కి తల్లీ. అమ్మ చూసుకుంటుంది."