రాజుగారి తలంటు

ఒకానొక రాజ్యంలో ప్రచండవర్మ అని ఒక రాజుగారు ఉండేవాడు. ఆ రాజ్యం పేరు మాత్రం అడక్కండి, అక్కడివాళ్ళు నా మీదికి కర్రలెత్తుకొస్తారు. మనిషి మంచివాడే. కాకపోతే పొగడ్తకి పడిపోతాడు. తను తుమ్మినా అందులో ఏదో రాజనీతి ఉందనుకునే రకం.

ఆయనకి ముగ్గురు మంత్రులు. పనుల మంత్రి, ఇళ్ళ మంత్రి, బాటల మంత్రి. ముగ్గురూ ఉద్దండులే గాని, ఒకరంటే ఒకరికి గిట్టదు. ఒకడు ఎడ్డెం అంటే ఇంకొకడు తెడ్డెం అంటాడు.

ఒకనాడు రాజుగారికి ప్రజల మీద ప్రేమ పొంగుకొచ్చింది.

"మన నేతవాళ్ళకి పని కావాలి, ఇళ్ళు కావాలి, బాట కావాలి. తలా ఒకటి చూడండి. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టారో, వేలు తీయించేస్తాను!" అన్నాడు.

ఇంకేం! పనుల మంత్రి తూర్పున ఏటి ఒడ్డున, సరుకు పడవలకెక్కించడానికి వీలని, పెద్ద మగ్గాలశాల కట్టించాడు. ఇళ్ళ మంత్రి పడమటి గుట్ట మీద, గాలి బాగుంటుందని, ముచ్చటైన పెంకుటిళ్ళు కట్టించాడు. బాటల మంత్రి నున్నటి రాతిబాట వేయించాడు. ఎక్కడికి? కోట గుమ్మం నుంచి రాజుగారి మామిడితోటకి!

దేనికదే బంగారం. రాజుగారు మూడూ చూసి మురిసిపోయాడు. పాపం, నేతవాళ్ళు మాత్రం తెల్లారకముందే గుట్ట దిగి, కోట చుట్టూ తిరిగి, పొలాల గట్ల మీద పడి, బురద తొక్కుకుంటూ ఏటికి పోవాలి. శాలకి చేరేసరికే సగం ప్రాణం పోయేది. దానికి తోడు రాజుగారు ఇంకో శాసనం వేశాడు. పొద్దున్నే కోటలో నగారా మోగేసరికి ఎవరి చోట వాళ్ళు ఉండాలి. మాటిమాటికీ ఆలస్యమైతే మగ్గమూ తీసేస్తారు, ఇల్లూ ఖాళీ చేయిస్తారు.

పైడమ్మ అనే నేతగత్తె ఒకనాడు సభకే వచ్చేసింది. మొగుడు పోయిన మనిషి, మగ్గం మీదే బతుకు.

"మారాజా! ఇప్పటికే చాలాసార్లు ఆలస్యమైందట. రేపు కూడా అయితే మగ్గం లాగేస్తామన్నారు. ఇల్లు కూడా పోతే నేనెక్కడికి పోను? శాల పక్కన ఇంత గుడిసె ఇప్పించండి, లేదా గుట్ట మీదే ఓ మగ్గం వేయించండి, అదీ కాదంటే నడవడానికో దారన్నా చూపించండి."

"శాల బ్రహ్మాండంగా ఉంది, దూరం నా పని కాదు" అన్నాడు పనుల మంత్రి.

"ఇంట్లో లోపముంటే చెప్పమనండి. బయటికెళ్ళాక ఎటు పోతుందో నాకెందుకు?" అన్నాడు ఇళ్ళ మంత్రి.

"బాట వేశానుగా! మామిడితోటకి వెళ్ళమనండి" అన్నాడు బాటల మంత్రి.

రాజుగారు మీసం దువ్వుకుని, "విన్నావుగా? ఎవరి పని వాళ్ళు చక్కగా చేశారు. నువ్వే కాస్త ముందు లేవాలి" అన్నాడు. పైడమ్మ కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ సభలో బుచ్చన్న అని ఒక విదూషకుడు ఉన్నాడు. చూడ్డానికి అమాయకుడు, నోరు విప్పితే కొంటెవాడు. లేచి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, ఆ నగారా శాసనం అందరికీనా?"

"అందరికీ! రాజైనా బంటైనా ఒకటే!"

"ఆహా, ఏం ధర్మం! రేపు తమ పుట్టినరోజు తలంటు కదా. ఇంత గొప్ప పద్ధతి ప్రజలకిచ్చి, తమరు మాత్రం ఒక్క పీట మీద కూర్చుని, ఒక్క మంగలి చేత తలంటించుకుంటే ఏం బాగుంటుంది? అది కూడా మంత్రులు ముగ్గురికీ పంచండి."

"భేష్! నూనె పనుల మంత్రిది, కుంకుడురసం ఇళ్ళ మంత్రిది, వేణ్ణీళ్ళు బాటల మంత్రివి. ఒకరి దాంట్లో ఒకరు వేలు పెట్టరాదు!" అన్నాడు రాజుగారు, తనే కనిపెట్టినట్టు.

మర్నాడు పొద్దు పొడుస్తూనే పనుల మంత్రి రాజుగారిని కోట ముందర, లేత ఎండ తగిలే అరుగు మీద కూర్చోబెట్టి, నువ్వులనూనె ఒళ్ళంతా కారేలా పట్టించాడు.

"కుంకుడురసం ఏదీ?"

"పెరట్లో కుంకుడుచెట్టు కింద ఉందట ప్రభూ. నా పని కాదు."

రాజుగారు చిన్నపంచె ఎగ్గట్టుకుని, నూనె కార్చుకుంటూ, జారుతూ, కోట ఈ కొస నుంచి ఆ కొసకి నడిచాడు. దాసీలు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

ఇళ్ళ మంత్రి వంగి వంగి దండాలు పెట్టి, "ఇంత చిక్కటి రసం తమ తాతగారు కూడా ఎరగరు" అంటూ రెండు చేతులా పులిమాడు. ఆ రసం కాస్తా కళ్ళలోకి దిగింది. చిన్నప్పుడు అమ్మచేత తలంటించుకున్నవాళ్ళకి ఆ మంట సంగతి నేను చెప్పక్కర్లేదు.

"అమ్మో! నీళ్ళు! నీళ్ళు!"

"వేణ్ణీళ్ళు బాటల మంత్రివి ప్రభూ. ఏటి ఒడ్డున కట్టెలు దొరుకుతాయని అక్కడే కాగు పెట్టించాడట."

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! బావిలోంచి చేదెడు తోడండ్రా!"

"వేలు పెట్టరాదని తమ ఆజ్ఞ కదా" అన్నారు నౌకర్లు వేళ్ళు తడుముకుంటూ.

"తువ్వాలన్నా ఇవ్వండి!"

"తువ్వాలు ఎవరికీ ఒప్పచెప్పలేదు ప్రభూ" అన్నాడు బుచ్చన్న.

"రథం తెండి, చచ్చిపోతున్నాను!"

"రథం వెళ్ళే బాట మామిడితోటకే పోతుంది. ఏటికి గట్లే గతి. రండి, నా చెయ్యి పట్టుకోండి."

అలా మహారాజు కళ్ళు మూసుకుని, విదూషకుడి చెయ్యి పట్టుకుని, గట్ల మీద పడ్డాడు. ఒక చోట పేడలో, ఒక చోట బురదలో కాలేశాడు. సగం దారిలో ఇక నావల్ల కాదంటూ కూలబడ్డాడు.

వెనక నుంచి నేతవాళ్ళు పరుగు మీద వస్తున్నారు. ఎవరి తొందర వాళ్ళది, ఎవరూ ఆగలేదు. పైడమ్మ ఒక్కతే ఆగింది.

"అయ్యో, ఎవరు బాబూ ఇది? కళ్ళలో రసం పోయించుకుని పొలాలెంట తిరగడమేమిటి? ఇంట్లో ఆడవాళ్ళు లేరా?"

బుచ్చన్న మెల్లిగా పక్కకి తప్పుకున్నాడు. ఆవిడ తాగడానికి తెచ్చుకున్న ముంతలో నీళ్ళు కొంచెం కొంచెంగా పోసి ఆ కళ్ళు కడిగింది, కొంగుతో మొహం తుడిచింది.

అంతలో నగారా మోగింది.

పైడమ్మ చేతిలో ముంత జారిపోయింది. "అయిపోయింది. నా మగ్గమూ పోయింది, నా ఇల్లూ పోయింది" అంటూ గట్టు మీదే కూర్చుని ఏడ్చింది.

రాజుగారు ఎర్రటి కళ్ళు విప్పి చూశాడు. పైడమ్మా చూసింది, గుర్తుపట్టి కూర్చున్నచోటే చేతులు జోడించింది.

బుచ్చన్న చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, నగారా మోగింది. ఈవిడ శాలలో లేదు, తమరు సింహాసనం మీద లేరు. రాజైనా బంటైనా ఒకటే అన్నారు. ఈవిడ ఇల్లు ఖాళీ చేస్తుంది సరే, మరి కోట ఖాళీ చేయడానికి బళ్ళు ఎన్ని కట్టించమంటారు?"

రాజుగారు తన బురద కాళ్ళు చూసుకున్నాడు, ఆవిడ బురద కాళ్ళు చూశాడు. సిగ్గేసింది. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు, నూనె చుక్కలు చుట్టూ చిమ్మేలా నవ్వాడు.

"ఓడిపోయానురా బుచ్చన్నా! అమ్మా, లే. నీ మగ్గం ఎవరూ ముట్టరు. ఆ శాసనం ఇప్పుడే కొట్టేశాను." చేతి కడియం తీసి బుచ్చన్నకి ఇచ్చి, "ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు.

"ముగ్గురు మంత్రుల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టండి. పనీ, ఇల్లూ, దారీ మూడూ కలిశాకే తలుపు తీయించండి. అన్నట్టు, ముగ్గురికీ కలిపి ఒక్క విసనకర్ర చాలు."

ఎండాకాలం కావడం వల్ల, మూడూ తొందరగానే కలిశాయి.

మరుసటి పుట్టినరోజుకి రాజుగారు ఒక్క పీట మీదే కూర్చుని తలంటించుకున్నాడు. బుచ్చన్న మెత్తటి తువ్వాలొకటి తెచ్చి అందించాడు. శాల పక్కన కొత్తింట్లో ఉంటున్న పైడమ్మ నేసి పంపింది.

"పోయినేడు ఇది ఉంటే ఎంత హాయిగా ఉండేదిరా!" అన్నాడు రాజుగారు మొహం తుడుచుకుంటూ.

"పోయినేడు నేసే మనిషి ఇంకా దారిలో ఉంది ప్రభూ" అన్నాడు బుచ్చన్న.

రాజుగారు తువ్వాలు మొహాన అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వాడు, ఇంకో కడియం కూడా తీసి, "ఇది నీకు కాదు, ఆవిడకి" అన్నాడు.