ముత్తమ్మ నోట్లో మామిడి ముక్క

ఏజెన్సీ బడులకు వెళ్లబోయే కొత్త టీచర్లకు చిట్టబ్బాయి మాస్టారు శిక్షణ ఇచ్చేవారు. ఇచ్చేవారంటే, ఒక కోయ గూడెం మీద తీసిన ఇరవై నిమిషాల డాక్యుమెంటరీ వేసి ఊరుకునేవారు. సుగుణమణి అనే టీచరు ఉండబట్టలేక అడిగింది: "ఆ గూడెంలో మీరు ఏడేళ్లు పనిచేశారటగా మాస్టారూ. పది రోజులుండి పోయినవాళ్ల సినిమా మాకెందుకండీ? మీరే చెప్పొచ్చుగా."

"నేను చెబితే అందులో నేనే బాగుంటానమ్మా" అని, మాస్టారు ఒక సంగతి చెప్పారు.

అది ఆయన ఆ బడిలో చేరిన మొదటి ఏడాది. అక్షరాలకు బొమ్మలు ఎవడైనా చూపిస్తాడు, తను ఏకంగా కాయలే చూపిస్తాననుకున్న మేధావి అప్పటి చిట్టబ్బాయి. తొలికాపు మామిడికాయలు కోయించి, ముక్కలకు ఉప్పూకారం అద్ది పిల్లల ముందు పెట్టాడు. ఒక్కరూ ముట్టలేదు. సిగ్గు కాబోలనుకుని, ముందు కూర్చున్న కుర్సం ముత్తమ్మ నోట్లో తనే ఒక ముక్క పెట్టి, "అయ్యవారు చెబితే తినాలి" అన్నాడు. ఆ పిల్ల కళ్లనీళ్లతో మింగింది. కారం ఎక్కువైందేమోనని పాపం నొచ్చుకున్నాడు కూడాను.

మర్నాటి నుంచి ముత్తమ్మ బడికి రాలేదు. రెండు వారాలు చూసి, హాజరు పట్టీలో ఆమె పేరు పక్కన 'చదువుపై శ్రద్ధ లేదు' అని రాశాడు. దస్తూరీ మాత్రం ముత్యాల్లా కుదిరిందట.

ఇరవై ఆరేళ్ల తర్వాత ఈ సినిమా మొదటిసారి వేసిన రోజున, ఆ గూడెం సంగతి తనకంటే ఎవరికి తెలుసునని మాస్టారు ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. తెర మీద ఒకామె మామిడికాయలు కడుగుతోంది. "కొత్త పండగ చేసి, ముందు దేవతకీ పోయిన పెద్దలకీ పెట్టాలి. అందాకా మేం కాయ ముట్టం" అంది. బడికెళ్లావా అని ఎవరో అడిగారు. "ఒక్క ఏడు కూడా నిండలేదు. పండక్కి ముందే బళ్లో కాయ తిన్నానని మాయమ్మ భయపడి మానిపించేసింది. అయ్యవారినేం అనకండి, మంచోడే" అని నవ్వింది.

మాస్టారు కాలు దించారు.

సుగుణమణి మెల్లగా, "మీరున్న ఏడేళ్లలో ఆవిడ ఈ సంగతి మీకెప్పుడూ చెప్పనే లేదా మాస్టారూ?" అంది.

"సినిమావాళ్లు అడిగారమ్మా" అన్నారు మాస్టారు.